విండోస్‌లో కూర్చుని లినక్స్ పెన్‌డ్రైవ్, లినక్స్‌లో కూర్చుని విండోస్ పెన్‌డ్రైవ్

డౌన్‌లోడ్ పూర్తయింది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఇన్‌స్టాల్ చేసే నాలుగైదు జీబీల ఐఎస్ఓ ఫైల్‌ని మౌస్‌తో లాగి పెన్‌డ్రైవ్‌లో వేశారు. రీస్టార్ట్ చేశారు. ఏమీ జరగనట్టు పాత సిస్టమే తాపీగా లేచి కూర్చుంది. ఏ డిస్క్ నుంచి లేవాలో అడిగే బూట్ మెనూలోకి వెళ్లి పెన్‌డ్రైవ్‌నే ఎంచుకుంటే, బూట్ చేయదగిన డివైస్ లేదని నల్ల తెర మీద ఒక ముక్క చెప్పి ఊరుకుంది. ఫైల్ అందులోనే ఉంది కదా, దీనికి కనబడదా అని ఒళ్లు మండుతుంది.

నిజంగానే కనబడదు. ఆ క్షణంలో పెన్‌డ్రైవ్‌ని చదువుతున్నది విండోసూ కాదు, లినక్సూ కాదు. మదర్‌బోర్డు మీద చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. ఐఎస్ఓ ఫైల్‌ని విప్పి లోపల ఏముందో చూడటం దానికి రాదు. దానికి తెలిసినవి ఒకటి రెండు చోట్లు. అక్కడ తనకు కావలసింది ఉంటే నడుపుతుంది, లేకపోతే తర్వాతి డిస్క్ దగ్గరికి పోతుంది. బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారుచేయడం అంటే ఆ చోట్లలో సరైన వస్తువు పెట్టడం, అంతే. మరి ఇన్ని టూల్స్, ఇన్ని ఆప్షన్లు ఎందుకంటే, ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ తన ఐఎస్ఓని ఒక్కో పద్ధతిలో కడుతుంది. పైగా మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్ విండోస్‌లోనే నడుస్తుంది, ఆపిల్ ఇచ్చేది మ్యాక్‌లోనే. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి మారదామనుకున్నవాళ్లకే టూల్ దొరకదు.

ఫర్మ్‌వేర్ ఎక్కడ వెతుకుతుంది

ఫర్మ్‌వేర్ రెండు రకాలు. పాతకాలపు రకమైన బయోస్ చూపు చాలా పొట్టిది. డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లు చదువుతుంది. వాటిలో చివరి రెండు బైట్లు హెక్సాడెసిమల్ లెక్కలో 55, ఏఏ అయితే ఆ ముక్కని మెమరీలోకి ఎక్కించి పగ్గాలు దాని చేతికిచ్చేస్తుంది. ఆ 512లో డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్‌కి 64, గుర్తుకి 2 పోతే ప్రోగ్రామ్‌కి మిగిలేది 446 బైట్లు. మీరు చదువుతున్న ఈ పేరా అంతకన్నా పెద్దది. అంత ఇరుకులో చేయగలిగింది ఒక్కటే, ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే అసలు బూట్‌లోడర్ ఎక్కడుందో వెతికి దాన్ని పిలవడం.

కొత్త రకమైన యూఈఎఫ్ఐకి కాస్త చదువు వచ్చు. ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌ని (డిస్క్ మీద ఫైళ్లని సర్దే పద్ధతి) అది నేరుగా చదవగలదు. పెన్‌డ్రైవ్‌లో ఫ్యాట్ పార్టిషన్ ఉందా, అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దాని లోపల బూట్ అనే ఫోల్డర్, దాని లోపల బూట్‌ఎక్స్64 అనే పేరున్న ఈఎఫ్ఐ ఫైల్ ఉన్నాయా అని చూస్తుంది. ఉంటే ఆ ఫైల్‌ని నడుపుతుంది. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లకి ఆ పేరు. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న మెషీన్ బూట్‌ఏఏ64 అనే ఫైల్ కోసం చూస్తుంది. వేరే ప్రాసెసర్ కోసం కట్టిన ఐఎస్ఓని దింపుకుంటే పెన్‌డ్రైవ్ ఎంత శుద్ధంగా తయారైనా బూట్ కాకపోవడానికి కారణం ఇదే. ఆ పేరుతో ఫైల్ ఉండదు, ఫర్మ్‌వేర్ దాటిపోతుంది.

ఈ రెండు పేరాలు అర్థమైతే మిగతాదంతా సులువు. ఏ టూల్ ఏం చేసినా చివరికి ఈ రెండిట్లో ఒకదాన్ని, లేదా రెండిటినీ, తృప్తిపరచడానికే.

సీడీ కోసం పుట్టిన ఫైల్

ఐఎస్ఓ అనేది సీడీకి అచ్చు నకలు. ఆ పేరు 1988 నాటి ఐఎస్ఓ 9660 అనే ప్రమాణం నుంచి వచ్చింది. సీడీ నుంచి బూట్ చేయడానికి 1995లో ఎల్ టొరీటో అని ఇంకో ఒప్పందం వచ్చింది. రెండూ సీడీని దృష్టిలో పెట్టుకున్నవే. సీడీ సెక్టర్ 2048 బైట్లు. పెన్‌డ్రైవ్ తనను తాను హార్డ్‌డిస్క్‌లా, 512 బైట్ల సెక్టర్లతో చూపించుకుంటుంది. సీడీ కోసం రాసిపెట్టిన బూట్ ఏర్పాట్లు హార్డ్‌డిస్క్‌గా కనబడే వస్తువు మీద పనిచేయవు. అందుకే సీడీ మీద చక్కగా బూటయ్యే ఐఎస్ఓ పెన్‌డ్రైవ్ మీద మూగదైపోతుంది.

ఇక్కడ లినక్స్ వాళ్లు పన్నిన ఉపాయం నాకు భలే ఇష్టం. ఐఎస్ఓ 9660లో మొదటి 16 సెక్టర్లు, అంటే 32 కేబీ, ఖాళీగా వదిలేస్తారు. సీడీ చదివే ప్రోగ్రామ్‌లు ఆ జాగా జోలికి పోవు. సరిగ్గా బయోస్ చూసేది అక్కడే! ఆ ఖాళీలో 446 బైట్ల ప్రోగ్రామ్, పార్టిషన్ టేబుల్, 55 ఏఏ గుర్తు పెట్టేస్తే అదే ఫైల్ సీడీ మీద సీడీ అవుతుంది, పెన్‌డ్రైవ్ మీద హార్డ్‌డిస్క్ అవుతుంది. ఐఎస్ఓ లోపలే ఒక చిన్న ఫ్యాట్ ఇమేజ్ దాచి, దాన్ని పార్టిషన్‌గా చూపిస్తే యూఈఎఫ్ఐకీ సరిపోతుంది. ఇలాంటివాటిని హైబ్రిడ్ ఐఎస్ఓ అంటారు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్, మింట్ లాంటి లినక్స్ రకాలు (డిస్ట్రోలు) ఇచ్చేవి ఇవే.

కానీ ఆ ఉపాయం పారాలంటే ఫైల్‌లోని మొదటి బైటు పెన్‌డ్రైవ్‌లో మొదటి బైటుగా పడాలి. కాపీ చేస్తే అలా పడదు. పెన్‌డ్రైవ్‌కి అప్పటికే తన పార్టిషన్ టేబుల్, తన ఫైల్ సిస్టమ్ ఉంటాయి; మీ ఐఎస్ఓ వాటి మధ్య ఎక్కడో ఒక మామూలు ఫైల్‌గా, సినిమా ఫైల్ పక్కన ఇంకో సినిమా ఫైల్‌లా పడి ఉంటుంది. దాన్ని కాపీ చేయకూడదు, ‘రాయాలి’. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పునాదితో సహా లేపేసి, సున్నా నుంచి బైటు వెనక బైటు దింపాలి. లినక్స్‌లో, మ్యాక్‌లో డీడీ కమాండ్ చేసేది, బలెనా ఎచర్ అనే టూల్ చేసేది అదే.

విండోస్‌ది తిరకాసు

లినక్స్ ఐఎస్ఓని ఇలా రాసి విజయం సాధించినవాళ్లు విండోస్ ఐఎస్ఓని కూడా అలాగే రాసి దెబ్బతింటారు. మైక్రోసాఫ్ట్ ఐఎస్ఓ హైబ్రిడ్ కాదు. మొదటి 32 కేబీలో పెన్‌డ్రైవ్‌కి పనికొచ్చేదేమీ లేదు. లోపలున్న ఫైల్ సిస్టమ్ యూడీఎఫ్. ఆ ఐఎస్ఓని యూడీఎఫ్ తెలియని పాత సాఫ్ట్‌వేర్‌తో విప్పితే ఒకే ఒక్క రీడ్‌మీ ఫైల్ కనబడుతుంది. ఈ డిస్క్ చదవాలంటే యూడీఎఫ్ తెలిసిన సిస్టమ్ కావాలని అందులో రాసి ఉంటుంది. ఎచర్‌కి విండోస్ ఐఎస్ఓ ఇస్తే ముందే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికని చదవకుండా కొనసాగించు అని నొక్కేవాళ్లే ఎక్కువ.

తమాషా ఏమిటంటే, యూఈఎఫ్ఐ ఉన్న మెషీన్‌కి విండోస్ పెన్‌డ్రైవ్ చేయాలంటే కాపీయే సరైన పద్ధతి. ఐఎస్ఓ ఫైల్‌ని కాదు, దాన్ని తెరిచి లోపలున్న ఫైళ్లన్నిటినీ. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి ఆ ఫైళ్లు వేస్తే ఈఎఫ్ఐ ఫోల్డర్, బూట్ ఫోల్డర్, బూట్‌ఎక్స్64 అన్నీ ఉండాల్సిన చోట ఉంటాయి. ఏ టూలూ అక్కర్లేదు. అంటే, ఒక్క ఫైల్ అడ్డం పడకపోతే.

ఆ ఫైల్ పేరు ఇన్‌స్టాల్.విమ్, సోర్సెస్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. విండోస్ మొత్తం అందులోనే కుదించి ఉంటుంది. ఫ్యాట్32లో ఒక ఫైల్ సైజు 4 జీబీకి ఒక బైటు తక్కువ దాకానే, కచ్చితంగా 4,29,49,67,295 బైట్లు. ఇప్పటి విండోస్ ఐఎస్ఓల్లో ఇన్‌స్టాల్.విమ్ దాన్ని దాటేస్తుంది. ఫైల్ సిస్టమ్‌ని విండోస్ సొంత ఎన్‌టీఎఫ్ఎస్ చేద్దామంటే చాలా ఫర్మ్‌వేర్‌లకి ఎన్‌టీఎఫ్ఎస్ చదవడం రాదు. యూఈఎఫ్ఐ ప్రమాణం ఫ్యాట్ ఒక్కటే తప్పనిసరి అంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దీని నుంచి బయటపడే దారులు మూడు. మొదటిది, ఆ ఫైల్‌ని ముక్కలు చేయడం. విండోస్ ఇన్‌స్టాలర్ ఎస్‌డబ్ల్యూఎమ్ అనే ముక్కలని తనంతట తాను గుర్తుపట్టి కలిపి చదువుకుంటుంది. లినక్స్‌లో, మ్యాక్‌లో విమ్‌లిబ్ అనే ఉచిత టూల్ ఈ పని చేస్తుంది. ఒక్కో ముక్క 3800 ఎంబీ అని చెబితే చాలు. విండోస్‌లో డిస్మ్ కమాండ్‌తో అదే జరుగుతుంది. రెండోది, విండోస్‌లో నడిచే రూఫస్ అనే టూల్ వాడే కిటుకు. పెద్ద పార్టిషన్ ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఉంచి, చివర్లో చిన్న ఫ్యాట్ పార్టిషన్ ఒకటి పెట్టి, అందులో ఎన్‌టీఎఫ్ఎస్ చదవడం ఫర్మ్‌వేర్‌కి నేర్పే బుల్లి బూట్‌లోడర్ వేస్తుంది. ఫర్మ్‌వేర్ ముందు ఆ బుల్లిదాన్ని నడుపుతుంది, అది ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవర్ ఎక్కించి విండోస్ బూట్‌లోడర్‌ని పిలుస్తుంది. మూడోది మైక్రోసాఫ్ట్ సొంత మీడియా క్రియేషన్ టూల్ దారి: విమ్‌కి బదులు ఇంకా గట్టిగా కుదించిన ఈఎస్‌డీ ఫైల్ వాడుతుంది, అది సాధారణంగా 4 జీబీ లోపల ఉంటుంది కాబట్టి గొడవ ఉండదు.

లినక్స్‌లో కూర్చుని విండోస్ పెన్‌డ్రైవ్ చేయాలంటే నా ఓటు మొదటి దారికే. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32, ఆ ఒక్క ఫైల్ తప్ప మిగతావన్నీ కాపీ, ఆ ఒక్కటీ విమ్‌లిబ్‌తో ముక్కలు చేసి సోర్సెస్‌లోకి. మ్యాక్‌లో కూడా అంతే. అక్కడ డిస్క్‌ని చెరిపేటప్పుడు ఎంఎస్ డాస్ ఫ్యాట్ అని ఎంచుకోవాలి. కొత్త టూల్ నేర్చుకోవడం కన్నా ఇది తేలిక. ఎక్కడ తప్పిందో కళ్లకు కనబడుతుంది.

విండోస్‌లో కూర్చున్నవాళ్లకి

విండోస్ నుంచి లినక్స్ పెన్‌డ్రైవ్ చేయడం అన్నిట్లోకీ సుఖమైన పని. రూఫస్ ఉంది, ఎచర్ ఉంది, ఫెడోరా వాళ్లకి సొంత మీడియా రైటర్ ఉంది. చిక్కల్లా హైబ్రిడ్ ఐఎస్ఓని రాయమనగానే రూఫస్ అడిగే ప్రశ్న దగ్గర: ఐఎస్ఓ మోడ్‌లో రాయమంటారా, డీడీ మోడ్‌లోనా?

ఐఎస్ఓ మోడ్ అంటే లోపలి ఫైళ్లని విప్పి ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో సర్దడం. లాభం, పెన్‌డ్రైవ్ తర్వాత కూడా విండోస్‌లో మామూలుగా తెరుచుకుంటుంది, మిగిలిన జాగాలో ఫైళ్లు పెట్టుకోవచ్చు. నష్టం, ఆ ఐఎస్ఓ తయారుచేసినవాళ్లు ఊహించిన రూపం మారిపోతుంది. ఉదాహరణకి ఫెడోరా లైవ్ సిస్టమ్ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది) బూటవుతూ తన డిస్క్‌ని వాల్యూమ్ పేరుతో వెతుక్కుంటుంది. ఆ పేరు పొడుగ్గా ఉంటుంది. ఫ్యాట్32లో పేరుకి 11 అక్షరాలే జాగా. పేరు కత్తిరించాక బూట్‌లోడర్ సెట్టింగుల్లో కూడా ఆ పేరు మార్చకపోతే సిస్టమ్ సగం లేచి, నా డిస్క్ ఏదీ అని ఆగిపోతుంది. రూఫస్ ఆ దిద్దుబాటు తనే చేస్తుంది, చాలాసార్లు సరిగ్గానే. అలా సగంలో ఆగిందంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా డీడీ మోడ్‌లో మళ్లీ రాయండి.

డీడీ మోడ్‌లో రాశాక విండోస్ ఆ పెన్‌డ్రైవ్‌ని చూసి బెంబేలెత్తుతుంది. ఇందులోని పార్టిషన్ నాకు తెలియదు, వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయనా అని అడుగుతుంది. వద్దనండి. మ్యాక్ కూడా ఈ డిస్క్ చదవలేకపోతున్నానని ఇలాంటి పెట్టే తెరుస్తుంది. అది పని చెడిందనడానికి గుర్తు కాదు. అయినా ఆ పెట్టెలో సరే నొక్కి, అప్పుడే తయారైన ఇన్‌స్టాలర్‌ని చెరిపేసుకున్న సందర్భం నాకే ఉంది.

రూఫస్‌లోనే పార్టిషన్ టేబుల్ పాత ఎంబీఆర్ పద్ధతిలోనా, కొత్త జీపీటీ పద్ధతిలోనా అని ఇంకో ప్రశ్న. పది పదిహేనేళ్ల నాటి బయోస్ మెషీన్ కోసమైతే ఎంబీఆర్. యూఈఎఫ్ఐ కోసమైతే జీపీటీ. విండోస్ 11కి యూఈఎఫ్ఐ తప్పనిసరి కాబట్టి దానికి ఆలోచనే అక్కర్లేదు.

వెంటాయ్ అనే టూల్‌ది వేరే దారి. పెన్‌డ్రైవ్ మీద ఒక్కసారి తనను తాను ఇన్‌స్టాల్ చేసుకుని రెండు పార్టిషన్లు చేస్తుంది: 32 ఎంబీల చిన్నది తనకి, మిగతాదంతా మీకు. ఆ పెద్దదానిలో ఐఎస్ఓలని మామూలు ఫైళ్లలా కాపీ చేస్తే బూట్ సమయంలో మెనూ చూపించి, ఎంచుకున్న ఐఎస్ఓనే డిస్క్ అన్నట్టు నమ్మిస్తుంది. లినక్స్, విండోస్ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. పది ఐఎస్ఓలు ప్రయత్నించే అలవాటున్నవాళ్లకి ఇది వరం. ఒకే ఒక్క ఇన్‌స్టాల్ కోసమైతే నేను వాడను. ఏదైనా తేడా వస్తే తప్పు ఐఎస్ఓదా, వెంటాయ్‌దా అని తేల్చుకోవడం అదనపు పని.

మ్యాక్ ఓఎస్ సంగతి

మ్యాక్ లేకుండా మ్యాక్ పెన్‌డ్రైవ్ చేయాలనుకునేవాళ్లకి సూటిగా చెప్పాలి: ఎవరిదైనా మ్యాక్ అడిగి తెచ్చుకోండి. ఆపిల్ ఐఎస్ఓ ఇవ్వదు, ఇన్‌స్టాలర్‌ని యాప్ రూపంలో ఇస్తుంది. ఆ యాప్ లోపల క్రియేట్‌ఇన్‌స్టాల్‌మీడియా అనే కమాండ్ ఉంటుంది. అది పెన్‌డ్రైవ్‌ని తయారుచేస్తుంది, అది మ్యాక్‌లో మాత్రమే నడుస్తుంది. పాడైన మ్యాక్‌ని మళ్లీ నిలబెట్టడమే ఉద్దేశమైతే చాలాసార్లు పెన్‌డ్రైవే అక్కర్లేదు. మ్యాక్‌లోనే ఉండే రికవరీలోకి వెళ్తే సిస్టమ్‌ని ఇంటర్నెట్ నుంచే దింపుకుంటుంది.

ఇక మ్యాక్ మీద వేరే సిస్టమ్ వేయడమంటే, ఇంటెల్ మ్యాక్‌ల్లో ఆప్షన్ కీ నొక్కిపట్టి పెన్‌డ్రైవ్ ఎంచుకోవచ్చు. టీ2 అనే ఆపిల్ భద్రతా చిప్ ఉన్నవాటిలో ముందు రికవరీలోకి వెళ్లి బయటి డిస్క్ నుంచి బూట్‌కి అనుమతివ్వాలి. 2020 చివర్లో మొదలైన ఆపిల్ సిలికాన్ మ్యాక్‌ల మీద విండోస్ పెన్‌డ్రైవ్ ఎంత బాగా చేసినా బూట్ కాదు. అక్కడ వర్చువల్ మెషీనే దారి. ఆ మ్యాక్‌లో కూర్చుని ఇంకో కంప్యూటర్ కోసం పెన్‌డ్రైవ్ చేయడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

సెక్యూర్ బూట్ అనే కాపలాదారు

అంతా సరిగ్గా ఉన్నా తెర మీద సెక్యూరిటీ అనే మాటతో ఎర్ర పెట్టె వచ్చిందంటే సమస్య పెన్‌డ్రైవ్‌ది కాదు. 2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ జనంలోకి వచ్చింది. బూట్‌లోడర్ మీద ఫర్మ్‌వేర్ నమ్మే సంతకం లేకపోతే నడపదు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ లాంటివి షిమ్ అనే చిన్న బూట్‌లోడర్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం చేయించుకుని ఆ గుమ్మం దాటుతున్నాయి. చిన్న డిస్ట్రోల్లో చాలావాటికి ఆ సంతకం లేదు. వెంటాయ్ అయితే మొదటి బూట్‌లో తన కీని మీ చేత నమోదు చేయించుకుంటుంది.

కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌ల్లో సెక్యూర్ బూట్ ఉంటూనే, మైక్రోసాఫ్ట్ బయటివాళ్ల కోసం చేసే సంతకాలని నమ్మే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటుంది. అప్పుడు ఉబుంటు కూడా బూట్ కాదు. సెక్యూర్ బూట్ మొత్తం తీసేయక్కర్లేదు, థర్డ్ పార్టీ సర్టిఫికెట్ అని ఉన్న ఆ ఒక్క సెట్టింగ్ ఆన్ చేస్తే చాలు. ఇంకో మెలిక: 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ పాత షిమ్‌లని నమ్మొద్దని ఫర్మ్‌వేర్‌కి చెప్పేసింది. దాంతో నిన్నటి దాకా బూటైన లినక్స్ పెన్‌డ్రైవ్‌లు ఎన్నో సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అంటూ ఆగిపోయాయి. మందు మామూలే, డిస్ట్రో తాజా ఐఎస్ఓ దింపుకోవడం. సొరుగులో రెండేళ్లుగా పడున్న పెన్‌డ్రైవ్‌ని నమ్ముకోవద్దు.

వీటిని మార్చే ముందు ఒక్క పని చేయండి, వేరేదేది మరిచిపోయినా సరే. విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని వేరే చోట రాసి పెట్టుకోండి. సెక్యూర్ బూట్ సెట్టింగ్ కదిలిస్తే తర్వాత విండోస్ తెరిచేటప్పుడు ఆ కీ అడగవచ్చు. అది లేకపోతే లోపలి ఫైళ్లు మీవే అయినా మీకు అందవు.

రాసే ముందు, రాసేటప్పుడు

దింపిన ఐఎస్ఓ సరైనదేనా అని షా256 సంఖ్య (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) సరిచూడటం చాదస్తంలా కనబడుతుంది. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవాళ్లు డౌన్‌లోడ్ లింకుని మార్చి, దొంగదారి పెట్టిన ఐఎస్ఓని జనానికి అంటగట్టారు. అలాంటి దొంగతనం మీకు తగులుతుందని కాదు, సగంలో చెడిన డౌన్‌లోడ్ మాత్రం ఎవరికైనా తగులుతుంది. ఇన్‌స్టాల్ 70 శాతం దగ్గర ఆగిపోయి రెండు గంటలు పోగొట్టుకునే కన్నా ఒక నిమిషం సరిచూడటం నయం. సైట్ మీదే అనుమానం ఉంటే షా256 ఒక్కటే చాలదు, లింక్ మార్చినవాడు ఆ సంఖ్యనీ మార్చగలడు. అందుకే డిస్ట్రోలు జీపీజీ అనే డిజిటల్ సంతకం కూడా ఇస్తాయి.

డీడీ గురించి భయపెట్టక తప్పదు. డిస్క్ పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే మీ హార్డ్‌డిస్క్ మీద రాస్తుంది, అడగదు, ఆగదు. పేర్లు కూడా స్థిరం కాదు. నిన్న ఎస్‌డీబీ అని ఉన్న పెన్‌డ్రైవ్ ఇవాళ ఎస్‌డీసీ కావచ్చు. ప్రతిసారీ లిస్ట్‌బ్లాక్ కమాండ్ అయిన ఎల్ఎస్‌బీఎల్‌కే నడిపి, సైజు చూసి గుర్తుపట్టండి. పెన్‌డ్రైవ్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి చూస్తే కొత్తగా వచ్చిందే మీది. మొత్తం డిస్క్ పేరు ఇవ్వాలి, చివర 1 అని అంకె ఉన్న పార్టిషన్ పేరు కాదు. అంకెతో రాస్తే మొదటి బైటు మొదట్లో పడదు, మళ్లీ మొదటికే వస్తాం.

లినక్స్ ముందు మెమరీలోకి రాసుకుని తర్వాత తీరిగ్గా పెన్‌డ్రైవ్‌లోకి దింపుతుంది. వంద శాతం అయిందని చూపించాక కూడా నిమిషాల తరబడి పని మిగిలి ఉండవచ్చు. సింక్ అని కొట్టి ప్రాంప్ట్ తిరిగొచ్చేదాకా, లేదా ఇజెక్ట్ చేసి తీయవచ్చని చెప్పేదాకా పెన్‌డ్రైవ్ లాగొద్దు.

బూట్ మెనూలో ఆఖరి పొరపాటు

బూట్ మెనూ కీ ఒక్కో తయారీదారుకి ఒక్కోటి. ఎఫ్12, ఎఫ్9, ఎఫ్8, ఎస్కేప్‌లలో ఒకటి అవుతుంది సాధారణంగా. మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనబడవచ్చు, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని, ఇంకోదాని ముందు ఏమీ లేకుండా. ఇది అలంకారం కాదు. ఏ దారిలో బూట్ చేశారో ఇన్‌స్టాలర్ ఆ దారికే సిస్టమ్‌ని వేస్తుంది. బయోస్ దారిలో విండోస్ ఇన్‌స్టాలర్ తెరిస్తే, జీపీటీ డిస్క్ మీద నేను ఎక్కను అని మొండికేస్తుంది. ఆ మాట చూసి డిస్క్‌లోని పార్టిషన్లన్నీ చెరిపేసేవాళ్లు ఉన్నారు. రీస్టార్ట్ చేసి యూఈఎఫ్ఐ అని ఉన్న వరస ఎంచుకుంటే సరిపోయేది. పక్కనే ఉన్న లినక్స్‌తో కలిపి డ్యూయల్ బూట్ చేయాలన్నా రెండూ ఒకే దారిలో వేసి ఉండాలి.

విండోస్ ఇన్‌స్టాలర్ మొదలై, మీడియా డ్రైవర్ ఏదో లేదని అడిగితే డ్రైవర్ వేటకి వెళ్లకముందు పెన్‌డ్రైవ్‌ని వేరే పోర్టులో పెట్టి చూడండి, వేరే పద్ధతిలో మళ్లీ తయారుచేసి చూడండి. తప్పుగా తయారైన పెన్‌డ్రైవ్ కూడా ఇదే మాట చెబుతుంది. ఇన్‌స్టాలర్ బాగానే నడిచి డిస్క్‌ల జాబితా ఖాళీగా ఉంటే మాత్రం నిజంగానే డ్రైవర్ కావాలి. డిస్క్‌లని నిర్వహించే ఇంటెల్ వీఎండీ ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ల్లో ఇది తరచూ జరుగుతుంది.

పని అయిపోయాక 64 జీబీ పెన్‌డ్రైవ్ విండోస్‌లో కొన్ని ఎంబీలే చూపిస్తే కంగారు పడకండి, అది చెడిపోలేదు. ఐఎస్ఓ తెచ్చిన పార్టిషన్ టేబుల్ ఇంకా అందులోనే కూర్చుని ఉంది. మామూలు ఫార్మాట్ ఆ చిన్న పార్టిషన్‌నే ఫార్మాట్ చేస్తుంది, జాగా తిరిగి రాదు. విండోస్‌లో డిస్క్‌పార్ట్ తెరిచి, సైజు చూసి సరైన డిస్క్ ఎంచుకుని, క్లీన్ అని కొట్టి, కొత్త పార్టిషన్ చేయాలి. లినక్స్‌లో వైప్‌ఎఫ్ఎస్‌తో అదే పని అవుతుంది. అప్పుడు పోయిందనుకున్న జాగా అంతా తిరిగొస్తుంది.